తొంభై రెండో మూర

పోయినవారం కథలో మునెమ్మను మండీ గేటు దగ్గర ఏడుస్తుండగా వదిలాం. ఆమె అన్నం సంచిలో సగం వాడిన గమ్ము టేపు రోలు దొరికింది. ఇంటి పైరేకు చిల్లి పడి కారుతుంటే అంటించుకుందామని తీసుకున్నానని ఆమె ఒప్పుకుంది. దాంతో బంగారుపాళ్యం మామిడి మండీలో అట్టపెట్టెలు అంటించే ఎనిమిది మంది ఆడవాళ్ళూ దొంగలైపోయారు.

మండీ యజమాని సుబ్రమణ్యం ఆ నేరం మోపడానికి ముందే కాచుకుని ఉన్నాడు. టేపు అయిపోయాక మిగిలే అట్ట రింగును తెచ్చి ఇస్తేనే అక్కడ కొత్త రోలు ఇస్తారు. ఆ రింగులను తాడుకు గుచ్చి గోడకు వేలాడదీస్తారు. పోయిన ఏడాది ఇదే వారంలో రెండు వేల రెండు వందల పెట్టెలకు అరవై రింగులు అయ్యాయి. ఈ ఏడాది అన్నే పెట్టెలకు తొంభై ఆరు.

"సగం టేపు ఇంట్లో విప్పుకోని, ఉత్త రింగు తెచ్చి నా మొగాన కొడతాండారు" అన్నాడు సుబ్రమణ్యం.

ఆ మాట పడలేకే మేస్త్రీ రహమత్ బీ అందరి ముందూ నోరు విప్పింది.

"దొంగతనం మాకాడ లేదు సామీ, రోల్లోనే ఉండాది. రేపు పొద్దున కొత్త డబ్బా విప్పండి. నేనే మూరేసి చూపిస్తా. నూటయాభై మూరలు వస్తే మేమే దొంగలం. పోలీసోళ్ళను పిలిపించండి."

"రాకపోతే?"

"రాకపోతే అమ్మినోడు దొంగ."

టేపు అమ్మింది ఆమె సొంత అల్లుడు జియావుల్లా. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ మాట అనడానికి భయపడలేదు. ఏదో కంపెనీవాళ్ళు తన పిల్లవాణ్ణి కూడా ముంచి ఉంటారని ఆమె నమ్మింది. ఆ సంగతి వాడి చెవిన వేద్దామని ఆ మధ్యాహ్నమే చిత్తూరు బస్సెక్కింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంచిలోంచి రెండు రింగులు తీసింది. ఒకటి పోయిన ఏడాదిది, ఒకటి ఈ ఏడాదిది. తాడు మీదనుంచి సుబ్రమణ్యాన్ని అడిగే తెచ్చుకుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. రెండింటి బొక్కా ఒకటే. కానీ పాత రింగు అంచు రెండు రూపాయి బిళ్ళలంత పల్చన. కొత్తదాని అంచు దాదాపు సగం వేలంత మందం. అట్టను లావు చేసి పైన తక్కువ టేపు చుడితే, చూసేవాడికి రోలు ఎప్పటిలాగే బొద్దుగా కనబడుతుంది.

'ఎంత తెలివిరా నాయనా' అనుకుంది. ఆ తెలివి ఎవరిదో ఆమె ఇంకా ఊహించలేదు.

ఇక్కడ రహమత్ బీ మూర గురించి ఒక మాట చెప్పాలి. మసీదు వీధిలో ఏ ఇంటి ఆడమనిషి చనిపోయినా స్నానం చేయించేది ఆమే. శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొలిచి చించేదీ ఆమే. దుకాణంలో మీటరు బద్దతో కొలిచి ఇచ్చినా, ఇంటికి తెచ్చాక ఆమె మోచేతినుంచి నడిమివేలి కొసదాకా పెట్టి మళ్ళీ కొలిస్తేనే ఆ వీధికి నమ్మకం. ఆ పని ఆమెకు తల్లి నేర్పింది. "బతికినోళ్ళు గుడ్డ తగ్గితే తగువాడతారు. పోయినోళ్ళు అడగరు. అందుకే ఆ మూర తప్పకూడదు" అని చెప్పేదట. ఆ సంగతి తెలిసే మండీలో కూడా పెట్టెకు నాలుగు మూరల టేపని సుబ్రమణ్యం ఆమె చేతితోనే కొలత ఖాయం చేశాడు. అడుక్కు రెండు, మూతకు రెండు. నూటయాభై మూరల రోలుకు ముప్పై ఏడు పెట్టెలు. ఆరేళ్ళుగా అదే లెక్క.

చిత్తూరు సంతపేటలో జియావుల్లా దుకాణం, ఇల్లు ఒకటే. ముందుగదిలో సరుకు, వెనక కాపురం. టేపులు, కవర్లు, అట్టపెట్టెల కట్టలు చూరుదాకా పేర్చి ఉంటాయి. రహమత్ బీ వెళ్ళేసరికి అతను ఫోనులో ఎవరికో నచ్చజెపుతున్నాడు.

"ఐదు పొరలే అన్నా, నేను చెప్తాండా కదా. తడిసింటే అట్ట ఎవరిదైనా మెత్తబడతాది... సరే, సరే, రేపొచ్చి సూస్తా."

ఫోను పెట్టి నవ్వాడు. "రా ఖాలా. కబురన్నా చెయ్యలేదే! ఎండలో వచ్చినావు."

అతను ఆమె అక్క కొడుకు. ఏడేళ్ళప్పుడు తల్లి పోతే రహమత్ బీ తెచ్చి పెంచింది. పెరిగాక తన కూతురు షబ్రీన్‌ను ఇచ్చి చేసింది. అల్లుడైనా అతనికి ఆమె ఖాలానే, అంటే పిన్నే. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉరుదూ. కానీ రహమత్ బీకి గుండెలో బరువు ఉన్నప్పుడు తెలుగే వస్తుంది.

రెండు రింగులూ బల్ల మీద పెట్టింది.

"సూడు నాయనా. కంపెనీవాళ్ళు నిన్ను ముంచినారు."

జియావుల్లా చూశాడు. చేతిలోకి తీసుకోలేదు.

"అట్లనే వస్తాండాయి ఖాలా ఇప్పుడు. ఏం చేసేది? నేనూ మునిగినోణ్ణే."

"నాకు తెల్సు. అందుకే వచ్చినా. రేపు పొద్దున నువ్వు నాతోబాటు మండీకి రా. సుబ్రమణ్యానికి ఈ మాటే చెప్పు. మునెమ్మను పోలీసులకు పట్టిస్తానంటాడు. పాపం ఆ మనిషి రాత్రనకా పగలనకా..."

"రేపా? రేపు నాకు నాయుడుపేటలో పని ఉండాది."

"ఎల్లుండి పొయ్యేది."

"కాదు ఖాలా..."

అప్పుడే షబ్రీన్ టీ గ్లాసుతో వచ్చింది. తల్లిని చూసిన సంతోషంలో బల్ల మీది కొత్త రింగును తీసి గాజులా చేతికి తొడుక్కోబోయింది. లోపలి లేబులు చూసి ఫక్కున నవ్వింది.

"అమ్మీ! ఇది నువ్వు అంటించిందే! చూడు, నీ బొటనవేలు. ఆ రోజు గోరింటాకు ఆరనివ్వమంటే విన్నావా? బంకంతా ఎర్రగా చేస్తివి."

రహమత్ బీ రింగును కిటికీ వెలుగుకు పట్టి చూసింది. రింగు లోపలి పక్క తెల్ల లేబులు. దాని మీద పెద్ద అక్షరాలతో 65 మీటర్లు అని ఉంది. అంకెలు ఆమెకు వచ్చు. ఆ అంకె పక్కన ఇటుకరాయి రంగులో వేలిముద్ర. ముద్రకు అడ్డంగా ఏటవాలు గీత. చిన్నప్పుడు కత్తిపీట మీద తెగిన గీత అది. ఆ గీత ప్రపంచంలో ఆమె ఒక్కదానికే ఉంది.

రంజాన్ పండుగ ముందురోజు గుర్తుకొచ్చింది. తల్లీకూతుళ్ళు ఈ గదిలోనే చాపేసుకుని కూర్చున్నారు. మైదా బంక గిన్నె మధ్యలో పెట్టుకున్నారు. ఒక గోనెనిండా రోళ్ళు, ఒక కవరునిండా లేబుళ్ళు. కబుర్లు చెప్పుకుంటూ రెండు డబ్బాల రోళ్ళకు లేబుళ్ళు అంటించేశారు. 'కూతురికి పనిలో సాయం చేసినాను' అని ఆమె ఆ రోజు తృప్తిగా పడుకుంది. రోళ్ళు వేరుగా, లేబుళ్ళు వేరుగా ఎందుకు వచ్చాయో అడగాలని తోచలేదు. ముద్రేసిన అంకె అబద్ధం చెబుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"షబ్రీన్, లోపలికి పో" అన్నాడు జియావుల్లా.

"ఏం?"

"పాప లేచినట్టుంది. పో."

షబ్రీన్ లోపలికి వెళ్ళింది.

"ఎన్ని మీటర్లురా అది?" అంది రహమత్ బీ.

"ఖాలా..."

"ఎన్ని?"

"నలభై."

టీ గ్లాసు ఆమె పక్కకు జరిపింది.

"నేనొక్కణ్ణే చేస్తాండానా?" అతని గొంతు లేచింది. "యాడికైనా పొయ్యి సూడు. ఐదు పొరల అట్టని మూడు పొరలు ఇస్తారు. వంద కవర్ల కట్టంటారు, లెక్కబెడితే తొంభై రెండుంటాయి. తూకానికి అమ్మే ప్లాస్టిక్కు చుట్టలో ఇంతలావు తడి అట్ట పెడతారు. నేను మొదటి ఏడాది నిజం సరుకే ఇచ్చినాను కదా! ఎవుడు కొన్యాడు? 'పక్కోడు తక్కువకిస్తాండాడు, నువ్వూ తగ్గించు' అనిరి. ధర తగ్గించమంటారు, కొలత మాత్రం తగ్గకూడదంటే ఎట్ల?"

"తగ్గించినానని చెప్పి తగ్గించు. నలభై అని రాసి నలభై అమ్ము."

"నలభై అని రాస్తే కొంటారా?"

"కొనరు కాబట్టి నా వేలితో అరవై ఐదని ముద్ర వేయించినావు."

అతను తల దించుకున్నాడు. మెల్లగా అన్నాడు. "ఆ సుబ్రమణ్యం మాత్రం సత్తెవంతుడా? రైతుకాడ టన్నుకు యాభై కిలోలు తరుగు తీయడూ?"

"తీస్తాడు. ఆ పాపం వాడిది. నీ టేపు తగ్గితే దొంగ ముద్ర పడింది మాత్రం మునెమ్మ మీద."

"ఆమె తీసింది కదా! సంచిలో దొరికింది కదా! నేను పెట్టినానా?" అతను లేచి పై అరలోంచి ఒక రోలు తీశాడు. మిగతావాటిలాగే ఉంది. కానీ చేతిలో పెట్టగానే దాని బరువు తేడాగా ఉన్నట్టు ఆమెకు తెలిసింది. "ఇది నిజం అరవై ఐదు ఖాలా. రేపు డబ్బాలోది కాకుండా దీన్ని కొలువు. నూటయాభై వస్తాది. మునెమ్మ తానొక్కతే తీసినానని ఒప్పుకుంటాది, ఆయప్ప నాలుగు తిట్టి వదిలేస్తాడు. నేను మిగిలిన సరుకంతా వారంలో మార్చేస్తా. నీమీద ఒట్టు."

"నామీద ఒట్టేయొద్దు."

"బంగారుపాళ్యం నుంచి పూతలపట్టు దాకా ఇరవై మండీలు నాకాడ కొంటాండాయి. ఒక్కడు దొంగంటే అందరూ అంటారు. షబ్రీన్ యాడికి పోవాల? పాప?" అతను గొంతు తగ్గించాడు. "ఇంకోటి. డబ్బాలో సగం రోళ్ళకు నీ వేలిముద్రే ఉండాది. నన్ను పట్టించేది నీ చెయ్యే, నాతోపాటు పట్టుబడేదీ నీ చెయ్యే. నేను బెదిరించడం లేదు ఖాలా. భయమేసి చెప్తాండా."

అతను నిజంగానే భయపడుతున్నాడు. ఏడేళ్ళప్పుడు కూడా ఇలాగే కింది పెదవి కొరుక్కునేవాడు.

"మీ అమ్మకు గుడ్డ కొలిచినప్పుడు" అంది రహమత్ బీ, "కొస పట్టుకోను మనిషి లేక నీ చేతికిచ్చినా. గెట్టిగా పట్టుకో, మూర తప్పుతాదంటే, నీ రెండు చేతులా పట్టుకున్నావు. గుర్తుండాదా?"

జియావుల్లా రోలును ఆమె సంచిలో పెట్టి, సంచి ఆమె భుజానికి తగిలించాడు. ఆమె వద్దనలేదు.

గుమ్మం దగ్గర షబ్రీన్ పాపను ఎత్తుకుని ఎదురొచ్చింది. "ఏమైంది అమ్మీ? ఆయన మొహం అట్లుంది?"

"ఏం లేదు. ఎండ" అంది రహమత్ బీ.

*

మర్నాడు పొద్దున ఎనిమిదికి మండీలో లారీలు బారులు తీరి ఉన్నాయి. షెడ్డునిండా బేనీషా మామిడిపండ్ల వాసన. సుబ్రమణ్యం కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఏడుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. మునెమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమెకూ కూర్చోవాలనిపించలేదు.

రహమత్ బీ భుజాన సంచి ఉంది. లోపలికి వచ్చేటప్పుడు వాచ్‌మన్ ఎవరి సంచీ చూడడు. బయటికి పోయేటప్పుడు అందరివీ విప్పించి చూస్తాడు. ఈ రోలు వాడకపోతే సాయంత్రం ఇది తన సంచిలోనే దొరుకుతుందని ఆమెకు గేటు దాటాక తట్టింది.

"పో బూబమ్మా" అన్నాడు సుబ్రమణ్యం. "స్టోర్లో కొత్త డబ్బా ఉండాది. నువ్వే విప్పి ఒక రోలు తెచ్చుకో. నీ మీద నాకు నమ్మకమే. ఆ పిల్లోడికాడ సరుకు కొన్నది కూడా నీ మొగం సూసే కదా."

తలుపు తెరిచిపెట్టినట్టయింది. స్టోర్లో చీకటి. ఎవరూ చూడరు. సంచిలోది తెచ్చి కొలిస్తే షబ్రీన్ ఇల్లు నిలబడుతుంది. లేదా నిజమే చెప్పదలిస్తే, తన వేలిముద్ర లేని తక్కువ రోలు వెతికి తేవచ్చు. అల్లుడు ఒక్కడే పోతాడు, తాను మిగులుతుంది. ఆ రెండో ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా కాళ్ళు స్టోరు వైపే కదిలాయి.

"వద్దు సామీ!" మునెమ్మ గట్టిగా అరిచింది. "బూబమ్మను ఒంటిగా పంపొద్దండి. మల్ల రోలు మార్చేసిందని ఎవురన్నా అంటే ఆయమ్మ పేరు పాడవతాది. డబ్బానే ఈడికి తెప్పించండి. నా పేరు యాడో పోయింది, ఆయమ్మదన్నా ఉండనీండి."

రహమత్ బీ ఉన్నచోటే ఆగిపోయింది. తన మేలు కోరి మునెమ్మ ఆ తలుపు మూసేసింది.

డబ్బా తెచ్చి మధ్యలో పెట్టారు. "నువ్వే తీయి మునెమ్మా" అన్నాడు సుబ్రమణ్యం. మునెమ్మ కళ్ళు మూసుకుని డబ్బా నడుమ చెయ్యి పెట్టి ఒక రోలు తీసింది. పైకవరు చించి రహమత్ బీకి ఇచ్చింది. రింగు లోపల ఏముందో చూసే ధైర్యం రహమత్ బీకి లేకపోయింది. ఆ పక్కను అరచేత్తో మూసి పట్టుకుంది.

"తొందరగా కానీ మే" అంది ఒకామె వెనకనుంచి. "లారీలోళ్ళు తిడతాండారు."

టేపు కొసను మునెమ్మ సిమెంటు నేల మీద అంటించి పట్టుకుంది. రహమత్ బీ కుడి మోచేతి దగ్గర పెట్టి నడిమివేలి కొసదాకా లాగింది.

"ఒకటి."

చేతిని కొంచెం మడిస్తే మూర కురచ అవుతుంది. రెండు వేళ్ళు మడిచినా చాలు, లెక్క పెరుగుతుంది. తొంభైని నూటయాభై చేయలేకపోయినా, నూట ఇరవై చేయవచ్చు. 'కొంచెమే తగ్గిందిలే' అని సుబ్రమణ్యం సర్దుకుపోతాడేమో. ఆమె చెయ్యి చూసుకుంది. అక్కకు కొలిచింది ఈ చేత్తోనే. వేళ్ళు మడవమంటే మడవలేదు.

"పది... పదకొండు..."

ఆడవాళ్ళు కలిసి లెక్క పెట్టసాగారు. నలభై దగ్గర ఒకామె తప్పు చెప్పింది. "మొగుడు ఊర్నుంచి వచ్చిన సంబరంలో నీకు లెక్క పోయింది మే" అని పక్కామె ఎగతాళి చేస్తే మునెమ్మ కూడా కన్నీళ్ళలోనే నవ్వింది. నేల మీద టేపు వరసలు వరసలుగా పరుచుకుంది. సుబ్రమణ్యం కుర్చీలోంచి ముందుకు వంగాడు. డెబ్భై దాటాక ఎవరూ నవ్వలేదు.

"ఎనభై ఎనిమిది... తొంభై..."

టేపు కింద అట్ట రంగు కనబడింది.

"తొంభై ఒకటి. తొంభై రెండు."

అంతే. కొస ఊడి ఆమె ముంజేతికి అంటుకుంది. ఉత్త రింగు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి సుబ్రమణ్యం కుర్చీకి తగిలి పడింది.

మునెమ్మ స్తంభం దగ్గర కూలబడి ఏడ్చింది. ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. "మేం దొంగలం కాదు సామీ! సూసినారా? కాదు!" అని ఎవరో అరుస్తున్నారు. సుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. అతని మొహంలో సిగ్గు, కోపం రెండూ ఉన్నాయి.

"తప్పయింది మునెమ్మా" అన్నాడు. తర్వాత రహమత్ బీ వైపు తిరిగాడు. "బూబమ్మా, సొంత అల్లుడని కూడా సూడకుండా మూరేసినావే! నీలాంటి మనిషి..."

మాట్లాడుతూనే వంగి రింగు తీసుకున్నాడు. కంపెనీ పేరు చదువుదామని లోపలి పక్కకు తిప్పాడు. అతని మాట సగంలో ఆగిపోయింది.

లేబులు మీది ఎర్రటి వేలిముద్రను, దానికి అడ్డంగా ఉన్న గీతను చూశాడు. ఆ తర్వాత, కేకలు వేయకుండా, గుమాస్తాను పిలిచి కూలీల మస్టరు పుస్తకం తెమ్మన్నాడు. వారం వారం సంతకం రాని వాళ్ళు వేలిముద్ర వేసే పుస్తకం అది. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఆ పేజీల్లో ఒక వేలిముద్రకు అడ్డంగా ఏటవాలు గీత ఉంటుంది.

సుబ్రమణ్యం పేజీ తిప్పాడు. రింగును పేజీ పక్కన పెట్టాడు. ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. ఏడుస్తున్న మునెమ్మ కూడా తలెత్తి చూసింది.

భుజాన సంచి, సంచిలో నిజం రోలు. రహమత్ బీ కదల్లేదు.

"బూబమ్మా" అన్నాడు సుబ్రమణ్యం. "నీ కుడిచెయ్యి ఇట్ల చాపు."

ఆమె చాపింది. తొంభై రెండో మూర కొస ఇంకా ఆ చేతికి అంటుకునే ఉంది.